హెడ్ నర్సుకు అసలు చిక్కులు ఎక్కడ?

కర్నూలులో హెడ్ నర్సుగా పదోన్నతి పొందిన మీరు ముందున్న సవాళ్లేమిటని అడిగారు. మొదటిది డ్యూటీ చార్టు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మన ఊరికి గద్వాల, రాయచూరు వైపు నుంచీ రోగులు వస్తారు. రద్దీని చూసి పోస్టులు పెరగవు కదా! రాత్రి ఒక్కరు సెలవు పెట్టినా లెక్క తలకిందులే.

అంతకన్నా సున్నితమైనది సిబ్బందిలో తేడాలు. రెగ్యులర్, కాంట్రాక్టు నర్సులు చేసేది ఒకే పని, జీతాలు వేరు. రాత్రి డ్యూటీలన్నీ కాంట్రాక్టు వాళ్లకే వేస్తే మీ మాటకు విలువ ఉండదు. నిన్నటిదాకా పక్కన పనిచేసిన స్నేహితురాలిని మందలించాల్సి వస్తుంది. నలుగురిలో వద్దు, విడిగా చెప్పండి. ఇక రిజిస్టర్లు, ఆన్‌లైన్ నమోదులు. వాటిని వంతులవారీగా పంచేయండి.