'నెవర్' ముందుకొస్తే వాక్యం ఎందుకు తిరగబడుతుంది? జాబితా బట్టీ పట్టాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "నెవర్ ఐ హావ్ సీన్" తప్పు, "నెవర్ హావ్ ఐ సీన్" ఒప్పు అని కోచింగ్‌లో చెప్పారు. మరి "యెస్టర్‌డే ఐ వెంట్" అన్నప్పుడు ఎందుకు తిరగేయం? ఏ మాటల తర్వాత తిరగేయాలో జాబితా మొత్తం కంఠస్థం చేయాల్సిందేనా?

అక్కర్లేదు. నేను చాలా ఏళ్లుగా ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్), బ్యాంకు పరీక్షలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ ఒక్క పాఠంలో మాత్రం, జాబితాను గడగడా అప్పజెప్పే పిల్లలే ఎక్కువగా తప్పుతుంటారు. "ఎట్ నో టైమ్" వాళ్ల జాబితాలో ఉంటుంది. పరీక్షలో "ఇన్ నో టైమ్" కనబడగానే అది కూడా అదే బాపతు అనుకుని తిరగేసేస్తారు. నిజానికి "ఎట్ నో టైమ్ డిడ్ హి ఆస్క్ ఫర్ మనీ" అనాలి, "ఇన్ నో టైమ్ హి ఫినిష్డ్ ద పేపర్" అనాలి. రెంటిలోనూ 'నో' ఉంది, కానీ ఒకదాంట్లోనే వాక్యం తిరిగింది.

ఇప్పుడు ఆ రెండు వాక్యాలనూ మనింట్లో మాట్లాడే తెలుగులో చెప్పి చూడండి. మొదటిది: "ఏనాడూ డబ్బు అడగలేదు." రెండోది: "క్షణాల్లో పేపర్ పూర్తి చేసేశాడు." మొదటిదాంట్లో క్రియే 'లేదు' అని ముగిసింది. రెండోదాంట్లో పని జరిగిపోయింది, అక్కడ 'నో' ఆ కాస్త సమయాన్ని మాత్రమే పట్టుకుని ఉంది, పనిని కాదనడం లేదు. ముందుకొచ్చిన మాటలో ఉన్న వ్యతిరేకం క్రియ దాకా పాకితేనే ఇంగ్లీషు వాక్యం తిరగబడుతుంది. ఆ మాటకే పరిమితమైతే తిరగదు. అసలు సూత్రం ఇంతే. "నాట్ లాంగ్ ఎగో హి కేమ్ హియర్"లో 'నాట్' ఉన్నా తిరగకపోవడానికి కారణమూ ఇదే: అతను వచ్చాడు, ఈమధ్యనే వచ్చాడు.

ఇది ఎంత పక్కాగా పనిచేస్తుందో చూపడానికి క్లాసులో నేను తప్పకుండా బోర్డు మీద రాసే జత ఒకటుంది. "విత్ నో జాబ్, హి వుడ్ బి హ్యాపీ" అంటే ఉద్యోగమే లేకపోతే సంతోషంగా ఉంటాడు. "విత్ నో జాబ్ వుడ్ హి బి హ్యాపీ" అంటే ఏ ఉద్యోగం ఇచ్చినా సంతోషంగా ఉండడు. మాటలన్నీ అవే, 'హి', 'వుడ్' మాత్రం చోటు మార్చుకున్నాయి. అర్థం పూర్తిగా ఎదురు తిరిగింది. ఇది చూశాక ఇన్‌వర్షన్, అంటే ఇలా హెల్పింగ్ వెర్బ్‌ను సబ్జెక్ట్ ముందుకు తేవడం, అలంకారం కోసం పెట్టిన హంగు అని ఎవరూ అనరు.

మీకు రాబోయే సందేహం 'ఓన్లీ' గురించి. అందులో 'నో' కనబడదు కదా, మరి "ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్" అని ఎందుకు? ఒకసారి మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఇదే అడిగింది. తెలుగులో చెప్పమంటే ఆలోచించకుండా "అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు" అంది. అనగానే తనకే తట్టి, "లేదు వచ్చింది సార్!" అని వెంటనే కింద మరో నాలుగు వాక్యాలు రాసుకుంది. 'అప్పుడే అర్థమైంది' అని కూడా అంటాం, కాదనను. కానీ 'గానీ... లేదు' అని చెప్పడానికి వీలుందంటే అందులో వ్యతిరేకం దాగి ఉన్నట్టే. "ఓన్లీ యెస్టర్‌డే డిడ్ హి టెల్ మి" అంటే నిన్నటిదాకా చెప్పలేదు, కాబట్టి తిరిగింది. "ఓన్లీ యెస్టర్‌డే హి వాజ్ హియర్" అంటే నిన్ననే కదా ఇక్కడున్నాడు, అందులో కాదనడం ఏమీ లేదు, కాబట్టి తిరగలేదు.

మిగతావి కూడా ఇలాగే ఒదిగిపోతాయి. 'సెల్డమ్', 'రేర్లీ' అంటే ఎప్పుడో తప్ప రాడు. "హార్డ్‌లీ హాడ్ ఐ రీచ్డ్ ద స్టేషన్ వెన్ ద ట్రెయిన్ లెఫ్ట్" అంటే స్టేషన్‌కి చేరానో లేదో, రైలు కదిలిపోయింది. "నో సూనర్" కూడా అంతే, కాకపోతే దాని వెనక 'దేన్' రావాలి. 'సూనర్' పోలిక చెప్పే రూపం కాబట్టి 'దేన్' అడుగుతుంది. 'హార్డ్‌లీ', 'స్కేర్స్‌లీ'లలో పోలిక లేదు, అందుకే వాటి వెనక 'వెన్'. ఎర్రర్ స్పాటింగ్ (తప్పు కనిపెట్టే) ప్రశ్నల్లో ఈ రెండింటినీ కలగాపులగం చేసి ఇవ్వడం మామూలే.

అయితే ఒక షరతు. ముందున్న మాటే సబ్జెక్ట్ అయితే తిరగేయకూడదు. "నోబడీ కేమ్", "ఓన్లీ రవి కేమ్" అలాగే ఉంటాయి. "నాట్ ఎ వర్డ్ డిడ్ హి సే"లో ముందుకొచ్చింది ఆబ్జెక్ట్, అందుకే తిరిగింది. అంటే ఇది ఒక్క యాడ్‌వెర్బ్‌లకే సంబంధించిన నియమం కాదన్నమాట.

అసలు ఇలా ఎందుకు తయారైందంటే, వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో వాక్యం ముందు ఏ మాట వచ్చినా చాలాసార్లు క్రియ రెండో స్థానంలోకి వచ్చేది. జర్మన్, డచ్, స్వీడిష్ భాషల్లో ఇప్పటికీ అంతే. చదువుకోసం జర్మనీ వెళ్లాలని మన పిల్లలు ఏ1 (జర్మన్ భాష తొలి మెట్టు) క్లాసులో చేరితే మొదట్లోనే "హోయ్‌టె గేహె ఇష్" అని నేర్చుకుంటారు, అక్షరాలా 'ఇవాళ వెళ్తాను నేను'. ఇంగ్లీషు కాలక్రమేణా ఆ పద్ధతిని మామూలు మాటల దగ్గర వదిలేసింది, వ్యతిరేకార్థం ఉన్నచోట నిలుపుకుంది. కాబట్టి మీ "యెస్టర్‌డే ఐ వెంట్" తిరగకపోవడంలో వింతేమీ లేదు, పాత అలవాటు అక్కడ పోయింది, 'నెవర్' దగ్గర ఉండిపోయింది. "హియర్ కమ్స్ ద బస్", "డౌన్ కేమ్ ద రెయిన్" ఆ పాత పద్ధతి తాలూకు మరో శేషం. వీటిలో హెల్పింగ్ వెర్బ్ అవసరం లేదు, అసలు క్రియే ముందుకొస్తుంది. సబ్జెక్ట్ 'ఇట్', 'హి' లాంటి సర్వనామం అయితే మాత్రం తిరగదు: "హియర్ ఇట్ కమ్స్". "సో లౌడ్ వాజ్ ద నాయిస్ దట్..." లాంటి వాటికి నేను చెప్పిన తెలుగు పరీక్ష పనికిరాదు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోండి.

నేను దిద్దే పేపర్లలో ఎక్కువగా ఎర్ర ఇంకు పడేది రెండు చోట్ల. ఒకటి, "నెవర్ డిడ్ హి కేమ్" అని రాయడం. భూతకాలం అప్పటికే 'డిడ్' మోసేసింది, తర్వాత 'కమ్' అనే ఉండాలి. రెండోది, వాక్యంలో రెండు భాగాలున్నప్పుడు ఏది తిరగేయాలన్నది. "నాట్ అంటిల్ ద రెయిన్ స్టాప్డ్ డిడ్ ద బస్ మూవ్": వాన తగ్గే దాకా బస్సు కదల్లేదు. 'లేదు' ఎవరికి తగిలింది? బస్సుకి. వాన తగ్గింది కదా! కాబట్టి బస్సు ఉన్న భాగమే తిరుగుతుంది. 'నాట్ అంటిల్' పక్కనే ఉందని వాన భాగాన్ని తిప్పితే మార్కు పోయినట్టే.

ముందుకొచ్చిన మాట ఎంత పొడుగైనా ఒకే ముక్కగా లెక్క. 1940 ఆగస్టు 20న బ్రిటిష్ పార్లమెంటులో చర్చిల్ తమ వైమానిక దళం గురించి అన్న వాక్యం చూడండి: "నెవర్ ఇన్ ద ఫీల్డ్ ఆఫ్ హ్యూమన్ కాన్‌ఫ్లిక్ట్ వాజ్ సో మచ్ ఓడ్ బై సో మెనీ టు సో ఫ్యూ." 'నెవర్'కీ 'వాజ్'కీ మధ్య ఆరు మాటలున్నాయి. అయినా ఆ 'నెవర్' వల్లే 'వాజ్' ముందుకొచ్చింది. పరీక్షల్లో సరిగ్గా ఈ దూరాన్నే వాడుకుని మనల్ని బోల్తా కొట్టిస్తారు.

ఇంకొక్క మాట, ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లయితే. ఇది బరువైన వాక్యనిర్మాణం. ప్రసంగంలో, వ్యాసంలో, "అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్ షుడ్ దిస్ డోర్ బి ఓపెన్డ్" లాంటి హెచ్చరికల్లో బాగుంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషితో మామూలుగా మాట్లాడుతూ "నెవర్ హావ్ ఐ సీన్" అంటే ఉపన్యాసం మొదలెట్టినట్టుంటుంది. అక్కడ హాయిగా "ఐ హావ్ నెవర్ సీన్" అనండి, తిరగేసే పనే ఉండదు.