డబ్బు కట్టిన వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ వదిలేసి వర్చువల్‌బాక్స్‌కి మారితే స్లో అవుతుందా?

వర్చువల్ మెషిన్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచేది. దాని కోసం కొన్న సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవాలంటే మళ్ళీ అప్‌గ్రేడ్ కొనమంటోంది, ఉచితంగా వచ్చే వర్చువల్‌బాక్స్‌కి మారదామంటే అది స్లో అని భయపెడుతున్నారు, ఏం చెయ్యాలి అని అడిగారు. ఈ గొడవంతా నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. స్లో అయితే ముందు మీ విండోస్ సెట్టింగులు చూసుకోండి, డబ్బు సంగతి తర్వాత.

మాది విజయవాడలో చిన్న డీటీపీ షాపు. పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్‌ని అడోబ్ 2004లోనే ఆపేసింది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో నమస్కారం పెట్టేసింది. కానీ ఎవరో వచ్చి "పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డే, పేర్లు మార్చి చిన్నమ్మాయికి వెయ్యండి" అంటే ఆ ఫైలు తెరవాల్సిందే కదా. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే ఉండే అక్షర పద్ధతి) కావు, ఆ మేటర్ తీసి ఇంకోచోట పేస్ట్ చేస్తే పిచ్చిరాతలే వస్తాయి. అందుకే లాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషిన్ పెట్టి, అందులో ఎక్స్‌పీ వేసి, పాత కాపురం అలాగే నడిపిస్తున్నాను.

మొదట వాడింది డబ్బు కట్టి కొన్నదే. పేరు ఇక్కడ అనవసరం. బాగానే ఉండేది. ఒకరోజు విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి పడింది, మర్నాడు ఆ వెర్షన్ తెరుచుకోలేదు. కొత్త వెర్షన్‌కి అప్‌గ్రేడ్ అంటే ఇంచుమించు కొన్న ధరలో సగం. సరే అని కట్టాను. కొన్నాళ్లకి మళ్ళీ అదే పాట. రోజుకి గంట కూడా వాడని ఎక్స్‌పీ కోసం ఇలా కప్పం కట్టడం ఏమిటని వర్చువల్‌బాక్స్ వేసుకున్నాను.

అసలు కథ ఇక్కడ మొదలైంది. మాఘమాసం, ముహూర్తాల రద్దీ. కస్టమరు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను 'చి.ల.సౌ.' అని కొడితే అక్షరాలు తీరిగ్గా ఒక్కొక్కటే వస్తున్నాయి. పేజీ కిందికి జరిపితే తెర పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా గీసుకుంటోంది. విండో కింద కుడి మూలన చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉంది. అదేదో అలంకారం అనుకున్నాను. మా దగ్గర పనిచేసే కుర్రాడు చూసి, "అన్నా, ఇది మనల్నే వెక్కిరిస్తున్నట్టుంది" అన్నాడు.

వాడన్నది నిజమే. విండోస్‌లో హైపర్-వి (మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత వర్చువల్ మెషిన్ ఏర్పాటు) నడుస్తోంటే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యం మొత్తం దాని చేతిలో ఉంటుంది. వర్చువల్‌బాక్స్ నేరుగా ప్రాసెసర్ దగ్గరికి వెళ్లలేక, హైపర్-వి ద్వారా నెమ్మదిగా పని చేయించుకుంటుంది. ఆ సంగతి చెప్పడానికే తాబేలు. నేనెప్పుడూ హైపర్-వి వెయ్యలేదే అనుకున్నాను. ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు సెలవుల్లో వచ్చి విండోస్‌లోనే లైనక్స్ నడవడానికి డబ్ల్యూఎస్ఎల్ 2 వేసి వెళ్లాడు, దానికి కావలసింది అదే. పైగా విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద 'మెమరీ ఇంటిగ్రిటీ' అనే భద్రతా ఏర్పాటు ఆన్‌లో ఉంది. అదీ ఆ కోవలోదే.

విండోస్ ఫీచర్లలో హైపర్-వి, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫాం, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫాం మూడింటికీ టిక్ తీసేశాను. మెమరీ ఇంటిగ్రిటీ ఆపి, లాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. తాబేలు పోయింది, పేజ్‌మేకర్ పాతరోజుల్లోలా పరిగెత్తింది. ఊరికే రాలేదు లెండి. మెమరీ ఇంటిగ్రిటీ ఆపితే భద్రత కొంత తగ్గుతుంది, డబ్ల్యూఎస్ఎల్ 2 నడవదు. మేనల్లుడు ఇప్పటికీ సణుగుతుంటాడు. బ్యాంకు పనులన్నీ మీరు ఆ లాప్‌టాప్‌లోనే చేస్తుంటే ఒకసారి ఆలోచించుకోండి.

ఇక మార్చడం. అందరూ ధర, స్పీడు మాట్లాడతారు గానీ నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది దీనికే. పాత మెషిన్‌ని స్లీప్‌లో కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చెయ్యాలి. స్నాప్‌షాట్లన్నీ (మధ్యలో దాచుకున్న పాత స్థితులు) తీసేసి డిస్కు ఒక్కటయ్యేలా చూడాలి. పాత సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీ లోపల వేసిన టూల్స్‌ని ముందే అన్‌ఇన్‌స్టాల్ చెయ్యాలి. ఆ తర్వాతే ఓవీఏగా, అంటే మెషిన్ మొత్తం ఒకే ఫైలుగా, ఎక్స్‌పోర్ట్ చేసి ఇక్కడ ఇంపోర్ట్ చేసుకోవాలి. ఇంత చేసినా నాకు మొదటిసారి నీలం తెర, చివర 7బి అనే అంకె. డిస్కు కంట్రోలర్ మారితే ఎక్స్‌పీ దాన్ని గుర్తుపట్టదు, ఎందుకంటే సాటా ఏహెచ్‌సీఐ అనే కొత్తరకం కంట్రోలర్‌కి కావలసిన డ్రైవర్ అందులో ఉండదు. స్టోరేజ్ సెట్టింగుల్లో డిస్కుని సాటా నుంచి తీసి పాతరకం ఐడీఈకి తగిలిస్తే లేచి కూర్చుంది. హార్డ్‌వేర్ మారిందని యాక్టివేషన్ కూడా మళ్ళీ అడగొచ్చు. పని పూర్తయ్యేదాకా పాత ఫోల్డర్‌ని మాత్రం చెరపకండి.

ర్యామ్ ఎక్కువిస్తే స్పీడు పెరుగుతుందనుకుని నాలుగు జీబీ ఇచ్చి చూశాను. తేడా ఏమీ లేదు. ఎక్స్‌పీకి ఒక జీబీ, ఒక ప్రాసెసర్ చాలు.

ధర విషయంలో పరిస్థితి ఇప్పుడు చాలా మారింది. వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్ కంపెనీని బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో కొన్నాక, దాని వర్క్‌స్టేషన్ ప్రోని 2024 మేలో సొంత వాడకానికి, అదే ఏడాది నవంబరులో వ్యాపారానికి కూడా ఉచితం చేసేసింది. మ్యాక్‌లో వాడే ఫ్యూజన్ ప్రో కూడా అంతే. బ్రాడ్‌కామ్ సైట్లో ఖాతా తెరిచి దించుకోవాలి. కాబట్టి వర్చువల్‌బాక్స్ ఒక్కటే దారి అనుకోకండి. వర్చువల్‌బాక్స్‌లో అయితే ఒక మెలిక ఉంది: అసలు ప్యాకేజీ ఎవరికైనా ఉచితమే గానీ, అదనపు సౌకర్యాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ సొంత వాడకానికీ చదువుకీ మాత్రమే. షాపులో వాడాలంటే లైసెన్సు కావాలి. నేనది వెయ్యలేదు, అవసరమూ పడలేదు.

విండోస్ ప్రోతో వచ్చే హైపర్-వి ఉంది కదా అని ఎవరైనా చెబుతారు. యూఎస్‌బీ డాంగిల్‌ని అది నేరుగా లోపలికి ఇవ్వదు. మా దగ్గర డాంగిల్ పెడితే గానీ తెరుచుకోని సాఫ్ట్‌వేర్ ఒకటుంది, అందుకే అటు వెళ్లలేదు. మీది ఎం1 లేదా ఆ తర్వాతి మ్యాక్ అయితే ఈ లెక్కలేవీ పనికిరావు. ఇంటెల్ ప్రాసెసర్ కోసం రాసిన ఎక్స్‌పీ అందులో యూటీఎం లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఎమ్యులేషన్‌లోనే, అంటే ఇంటెల్ ప్రాసెసర్‌ని అనుకరిస్తూనే, నడవాలి, అదెలాగూ నెమ్మదే.

ఏది వాడినా ఎక్స్‌పీకి ఇంటర్నెట్ ఇవ్వకండి. నేను నెట్‌వర్క్ కార్డే తీసేశాను. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ ద్వారా బయటికి వస్తాయి, ప్రెస్సుకి పీడీఎఫ్ పంపడం బయటి విండోస్ నుంచే.