వేలిముద్ర నుంచి సంతకం దాకా

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది చంద్రగిరి దగ్గర పల్లె, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాం. మా తాత 93 ఏళ్లకు కాలం చేశారు, ఇంకో మూడు నెలల్లో సంవత్సరీకం, అప్పటికి ఆయన జ్ఞాపకంగా ఒక సంచిక తేవాలని ఉంది. 1949లో ఎస్సెస్సెల్సీ పాసై టీచరయ్యారు. 1962 నుంచి ఊళ్లో భజన గుడిలో రాత్రిబడి నడిపారు, ఊరందరికీ అర్జీలు రాసిపెట్టేవారు. రిటైరయ్యాక 61వ ఏట తెలుగు ఎమ్మే ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. 72వ ఏట గోవిందరాజస్వామి గుడి గోడల మీది శాసనాలు చదవాలని తమిళ అక్షరాలు నేర్చుకున్నారు. ఆయన ట్రంకుపెట్టెలో 37 నోటుబుక్కులు, రాత్రిబడి హాజరు పట్టీలు ఉన్నాయి. ఒక నోటుబుక్కులో ముందువైపు తమిళ అక్షరాల అభ్యాసం, వెనకవైపు ఎవరిదో పింఛను అర్జీ చిత్తుప్రతి. పట్టీల మొదటి పేజీల్లో వేలిముద్రలు, చివరి పేజీల్లో అదే పేర్ల ఎదుట సంతకాలు! మా పెద్దనాన్న ఏమో నాయకుల సందేశాలతో పెద్ద సంచిక వేసి, ఊళ్లో విగ్రహం పెడదామంటున్నారు. నాకు అందులో మా తాత కనిపించడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక మనవరాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంతో పాటు పంపిన హాజరు పట్టీ ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. ఒక పేరు ఎదుట ఊదారంగు వేలిముద్ర, కాస్త అలుక్కుపోయి ఉంది. ఎనిమిది నెలల తర్వాతి పేజీలో అదే ఆమె తన పేరు తానే రాసుకుంది, ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో, చివరి ‘మ్మ’లో వత్తు మరిచిపోయి. దాని కింద ఎర్ర సిరాతో చిన్న వత్తు. అది మీ తాత పెట్టిందే అయ్యుంటుంది. ఆ వత్తు దగ్గర నాకు ఆయన కనిపించారు. సంచిక మొదటి పేజీలో ఈ రెండు పేజీలను పక్కపక్కన వెయ్యండి, ఆమెగానీ వాళ్ల పిల్లలుగానీ ఒప్పుకుంటే.

సందేశాల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మా ఇంట్లో మా తాతగారి షష్టిపూర్తికి వేసిన సంచిక ఉంది, సగానికి పైగా పెద్దవాళ్ల అభినందనలే, వాటిని ఇన్నేళ్లలో ఎవరూ చదవగా చూడలేదు. మా మేనత్త రాసిన రెండు పేజీలున్నాయి, ఆయన వానలో సైకిలు భుజానేసుకుని వంక దాటి బడికి పోయేవారని, తడిసిన పుస్తకాలను పొయ్యి దగ్గర ఆరబెట్టేవారని. పిల్లలు ఇప్పటికీ అవే చదివించుకుంటారు. మీ పెద్దనాన్నగారితో గొడవ పడొద్దు, ఆయనా ప్రేమతోనే అంటున్నారు. విగ్రహం వచ్చే ఏడాదైనా పెట్టుకోవచ్చని చెప్పండి. 1962లో ఇరవై ఏళ్ల వయసులో ఆ బడికి వచ్చినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. వాళ్ల మాటలు వచ్చే ఏడాదికి దొరుకుతాయన్న నమ్మకం లేదు, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

సెల్‌ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, అడిగి, ఒప్పుకున్నాకే మాట్లాడించండి. ‘మా తాత ఎట్లాంటివారు?’ అని మాత్రం అడక్కండి, ‘దేవుడమ్మా ఆయన’ అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. లాంతరుకు కిరసనాయిలు ఎవరు పోసేవాళ్లు, ఆడవాళ్లు ఏ పక్క కూర్చునేవాళ్లు, పొలం పని చేసొచ్చి నిద్ర తూగితే ఆయన ఏం చేసేవారు, మొదట నేర్పిన అక్షరం ఏది, బడికి వద్దన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఇట్లా అడగండి. సంవత్సరాలు చాలామందికి గుర్తుండవు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953లో, వెంకటేశ్వర యూనివర్సిటీ పెట్టింది 1954లో. ‘యూనివర్సిటీ రాకముందా, వచ్చాకా?’ అంటే ముసలివాళ్లు ఠక్కున చెప్తారు. దేశమంతా వయోజన విద్య కార్యక్రమం మొదలైంది 1978 అక్టోబరు 2న. అంటే సర్కారు పలకలు, పుస్తకాలు రాకముందే పదహారేళ్లు మీ తాత ఆ బడి నడిపారు. ఆ పదహారేళ్లకు ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందో నోటుబుక్కుల్లో వెతకండి, ఆయన జీతం లెక్కల్లోనే దొరకొచ్చు.

ఇంకో మాట. ‘విద్య’ అని ఒక అధ్యాయం, ‘సేవ’ అని ఇంకో అధ్యాయం పెట్టకండి. ఒక నోటుబుక్కులో ముందువైపు తమిళ అక్షరాల అభ్యాసం, వెనకవైపు ఎవరిదో పింఛను అర్జీ చిత్తుప్రతి ఉందని మీరే రాశారు కదా. ఆయన బతుకు అట్లాగే ఉండేది, ఒకే పుస్తకంలో, ఒకే పెన్నుతో. ఆ రెండు పేజీలనూ విడదీయకుండా వెయ్యండి. ఆ గుడి శాసనాల్లో చాలాభాగం తమిళంలోనే ఉన్నాయి కాబట్టి ఆ వయసులో కొత్త లిపి నేర్చుకోవడం సరదాకు చేసిన పని కాదు, అవసరమని కూర్చుని నేర్చుకున్నారు. ఆయన స్వయంగా చదివి రాసుకున్న శాసనం ఒక్కటి దొరికినా సంచికలో ఉండాల్సిందే.

అర్జీల విషయంలో మాత్రం జాగ్రత్త. అప్పులు, భార్యాభర్తల తగాదాలు, భూమి గొడవలు అన్నీ ఆయన్ను నమ్మి చెప్పుకున్నవి. పేర్లు, ఊరి గుర్తులు తీసేయకుండా ఒక్కటీ అచ్చు వెయ్యొద్దు. ఆయన రాతల మీద హక్కు ఆయన కాలం చేశాక కూడా 60 ఏళ్లు ఉంటుంది, ఆయన వేరేగా రాసివ్వకపోతే వారసులందరిదీ. అందుకని అత్తలు, చిన్నాన్నలతో సహా అందరి చేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకోండి. జిల్లా పేరు కూడా చూసుకోండి, తిరుపతి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న, అంతకుముందు మాటలన్నిటికీ చిత్తూరు జిల్లా అనే రాయాలి.

కాగితాలకు లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు వెయ్యొద్దు, తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసెయ్యండి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడకుండా, ప్రతి పేజీ ఫొటో తియ్యండి, ఖాళీ పేజీ వచ్చినా సరే. పుస్తకం అచ్చయ్యాక చెన్నై కన్నెమరా లైబ్రరీకి, కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి తప్పకుండా పంపండి, 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు పంపాల్సినవే. మొదటి కాపీ మాత్రం ఆ ఎర్ర వత్తు ఆమె ఇంటికి మీరే తీసుకెళ్లండి. ఆమె లేకపోతే వాళ్ల పిల్లల చేతికివ్వండి.

ప్రశ్న: మా జేజినాయన వైద్యం చేసేవారు. అటక మీద ఆయన తాటాకు కట్టలు రెండున్నాయి. మాకు చదవను రాదు, పారేయను మనసు రాదు.
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీలోని ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను అడగండి. 1939లో దేవస్థానం పెట్టింది, 1956లో యూనివర్సిటీ చేతికొచ్చింది, తాళపత్రాల పని తెలిసినచోటు. తీసుకెళ్లేలోపు తడిగుడ్డతో తుడవొద్దు, మీరే నూనె రాయొద్దు, తాడు విప్పొద్దు. తాడు విప్పితే ఆకుల వరస పోతుంది, మళ్లీ సర్దడం వాళ్లకూ కష్టం. ఉన్నదున్నట్టు శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, పైన కాగితం మీద మీ జేజినాయన పేరు, ఊరు, ఆయన ఏ జబ్బులకు మందిచ్చేవారో మీకు గుర్తున్నంత రాసి పెట్టండి. కట్టలు అప్పగిస్తే రసీదు తీసుకోండి, ఫొటోలు తీస్తే మీకూ ఒక ప్రతి ఇమ్మని ముందే అడగండి.