వరి మడి నుంచి మీథేన్ వస్తుందా? వస్తుంది, తగ్గించుకోవచ్చు కూడా

భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు అంటే బొగ్గు గనులు, ఆవులు, చెత్తకుప్పల నుంచి వచ్చేది కదా, మధ్యలో వరి రైతును ఎందుకు అంటారని కొందరు అడిగారు. మాది గోదావరి డెల్టాలో వరి పండించే ఇల్లు, చూసింది చెబుతాను.

నీళ్లు నిలిచిన మడిలో కాలు పెడితే బురదలోంచి బుడబుడమని బుడగలు వస్తాయి, వాటిలో మీథేన్ ఉంటుంది. ఆ కుళ్లు వాసన మాత్రం దానిది కాదు, మీథేన్‌కు వాసనే లేదు. నీళ్లు నిలిస్తే మట్టికి గాలి ఆడదు, అప్పుడు దమ్ములో, అంటే బురద దున్నకంలో తొక్కేసిన గడ్డీ మోళ్లూ కుళ్లుతుంటే గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి. ఎక్కువ భాగం బుడగల్లో కూడా కాదు, వరి దుబ్బు లోపలి గొట్టాల గుండానే బయటికి పోతుంది.

మనుషుల వల్ల వచ్చే మీథేన్‌లో వరి వాటా దాదాపు 8 శాతం. పశువులది, బొగ్గు, చమురు, గ్యాస్‌లది చాలా ఎక్కువ, కాబట్టి తప్పంతా రైతుదే అంటే నేను ఒప్పుకోను. అలాగని వదిలేసేదీ కాదు. పరిశ్రమలు రాకముందుతో పోలిస్తే గాలిలో మీథేన్ రెండున్నర రెట్లు దాటింది, 20 ఏళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే 80 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. కాకపోతే అది వందల ఏళ్లు ఉండిపోదు, సుమారు పన్నెండేళ్లలో చాలావరకు విరిగిపోతుంది. అంటే ఇవాళ తగ్గిస్తే ఫలితం మనమే చూస్తాం.

మేం దాళ్వాలో, అంటే రబీ పంటలో, తడి-పొడి పద్ధతి చేస్తున్నాం. చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టం ముక్కను మడిలో పాతి, లోపల నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి పెడతాం. నాట్లేసిన మొదటి రెండు వారాలు, పూత సమయంలో మాత్రం ఆరనివ్వం. ఇలా చేస్తే మీథేన్ 30 నుంచి 50 శాతం దాకా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది, మా దిగుబడి కూడా పడిపోలేదు.

అసలు ఇబ్బంది కాలువ నీళ్లతోనే. వంతు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియని, కాలువ చివరన ఉన్న శివారు రైతును మడి ఆరబెట్టమంటే ఎలా ఆరబెడతాడు? దొరికినప్పుడే గట్టు నిండా పెట్టుకుంటాడు. నీటి వంతులు కచ్చితంగా నడిపితే ఎవరూ చెప్పక్కర్లేకుండానే సగం పని అవుతుంది. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, వానలకు మా పల్లపు చేలు ఎలాగూ ఆరవు, అక్కడ ఈ పద్ధతి పెట్టుకోకండి. ఇంకొకటి, మడి ఆరి తడిసేటప్పుడు యూరియా ఎక్కువైతే భూమిని వేడెక్కించే మరో వాయువు, నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది, కాబట్టి దాన్ని కొద్దికొద్దిగా విడతల్లోనే చల్లండి.