గోడ క్యాలెండర్ మీద మీ తేదీ

ప్రశ్న: నా వయసు 37. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ల మూడు నెలలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి 2022 మార్చిలో మానేశాను. అప్పట్నుంచీ ప్రయాణాల్లోనే ఉన్నాను. నేపాల్, శ్రీలంక, వియత్నాం, కంబోడియా, థాయ్‌లాండ్ తిరిగి ఇప్పుడు లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో ఉన్నాను. ఒక చిన్న కంపెనీకి టెస్టింగ్ పని చేసి పెడుతూ నెలకు 60 వేల దాకా సంపాదిస్తున్నాను. అప్పుల్లేవు. ఏటా డిసెంబరు చివర ఆ ఏడాది లెక్క రాసుకోవడం అలవాటు. 2025లో 41 చోట్ల పడుకున్నాను. ఇదివరకు ఆ లెక్క చూస్తే గర్వంగా ఉండేది. ఈసారి రాసి, ఒకసారి చదివి, నోటుబుక్కు మూసేశాను. ఏ ఊరు వెళ్లినా మూడో రోజుకే తర్వాతి ఊరి బస్సులు వెతుకుతున్నాను. కంబోడియాలోని కంపోట్‌లో ఐదు వారాలున్నప్పుడు మాత్రం హాయిగా ఉంది. అక్కడి కాఫీ బండి ఆవిడ నన్ను చూడగానే డబ్బాపాలు తగ్గించి కలిపేది.

అమ్మకి 66 ఏళ్లు, తెనాలిలో ఒక్కతే ఉంటుంది. నాన్న 2020లో పోయారు. అక్క గుంటూరులో ఉంటుంది, ఆసుపత్రులూ అవీ తనే చూస్తుంది. అమ్మ నా పెళ్లి సంగతి అడగడం మానేసింది. ఎప్పుడొస్తావనీ అడగడం లేదు. కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకోవాలట, ఏడాదిగా వాయిదా వేస్తోందట. నవంబరు ఆఖర్న అక్క వాట్సాప్‌లో అమ్మ ఇంటి గోడ క్యాలెండర్ ఫొటో పంపింది, ఒక్క మాట కూడా రాయలేదు. రెండు తేదీల గళ్లలో పెద్ద అక్షరాలతో 'ఫో' అని ఉంది. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు కూడా ఆ అక్షరం చూశాను, అప్పుడు చిన్నగా ఉండేది. అదేమిటని అడగలేదు. ఫొటో ఎందుకు పంపావని అక్కని అడిగితే 'నువ్వే ఆలోచించుకో' అంది.

2026కి ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, జార్జియా అనుకుంటున్నాను. వెళ్లనా? లేక వచ్చేసి ఉద్యోగం, ఫ్లాటు చూసుకోనా? ఈ సంగతి తేల్చుకునే డిసెంబరు 31 దాటాలని ఉంది.

జవాబు: 'ఫో' అంటే ఫోను. మీరు మాట్లాడిన రోజు మీ అమ్మగారు పెట్టుకున్న గుర్తు అది. మీకు తెలియదని నేననుకోవడం లేదు. తెలిసే, పై పేరాల్లో రాయలేక, దేశాలూ లెక్కలూ అన్నీ అయ్యాక రాశారు.

మన ఇళ్లలో గోడ క్యాలెండర్ మీద ఏం రాస్తారో మీకూ గుర్తుండే ఉంటుంది. గ్యాస్ బండ మార్చిన తేదీ, పాలవాడు రాని రోజు, చీటీ కట్టాల్సిన రోజు, బీపీ మాత్రలు కొత్త పట్టీ తెరిచిన రోజు. ఇల్లు నడవడానికి కావలసిన లెక్కలన్నీ అక్కడే ఉంటాయి. వాటి మధ్యే మీ ఫోను లెక్కా ఉంది. నవంబరులో 30 గళ్లుంటే మీరు రెండు గళ్లలో ఉన్నారు. ఇంకో సంగతి మీరే రాశారు గానీ దాని మీద నిలబడలేదు. సంక్రాంతికి చిన్నగా ఉన్న అక్షరం నవంబరు నాటికి పెద్దదైంది. ఆవిడకి చిన్న అక్షరం కనబడటం లేదు.

మీ అక్కగారు ఒక్క మాట కూడా రాయకపోవడానికి కారణం ఉందనిపిస్తుంది. రాయబోతే ఆవిడకి చాలా ఉంటాయి. గుంటూరు నుంచి తెనాలి ఎంతో దూరం కాదు, పాతిక కిలోమీటర్లు. కానీ ఆ పాతిక కిలోమీటర్లు ఆవిడ పిల్లల స్కూలు బస్సు చూసుకుని, ఇంట్లో వంట చేసి పెట్టి, అమ్మని ఆసుపత్రికి తిప్పి, చీకటి పడేలోపు ఇంటికి చేరేవి. ఒక్కటి మొదలుపెడితే అన్నీ వస్తాయి, వస్తే గొడవవుతుంది. అందుకే ఫొటో తీసి పంపి ఊరుకున్నారు. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న లారీ నడిపేవారు. 1970లలో విజయవాడ నుంచి కలకత్తాకి సరుకు తోలేవారు. నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండేవారు కాదు. బయలుదేరేటప్పుడు మాత్రం అమ్మకి ఒక తేదీ చెప్పేవారు, 'పున్నమికి ముందురోజు వచ్చేస్తా' అని. ఆలస్యమయ్యేట్టుంటే ఎదురొచ్చే లారీ ఆపి కబురు పెట్టేవారు. ఆ డ్రైవరు ఆటోనగర్‌లో బండి పెట్టి, మాసిన లుంగీతోనే మా గుమ్మంలోకి వచ్చి చెప్పేవాడు: 'బాలాసోర్ దగ్గర యాక్సిల్ విరిగింది వదినా, నాలుగు రోజులు పడుద్ది.' అమ్మ మంచినీళ్లిచ్చి పంపేది. నాన్న వస్తానన్న రోజుకి ముందు రాత్రి గారెలకి మినప్పప్పు నానబోసేది. ఒకసారి నానబోసింది, నాన్న రాలేదు, కబురూ రాలేదు. మర్నాడు ఆ పప్పు రుబ్బకుండా, పారబొయ్యకుండా గిన్నె మీద మూతపెట్టి దాని పక్కనే కూర్చుంది. ఆయన ఇంట్లో లేని ఇరవై రోజులూ ఆమె ఏనాడూ అలా లేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు, ఆ గిన్నె ఇప్పటికీ కళ్ల ముందుంది.

మీ అమ్మగారికి పప్పు ఎప్పుడు నానబొయ్యాలో తెలియడం లేదు. ఆవిడ 'ఎప్పుడొస్తావు' అన్నప్పుడల్లా మీరేమన్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 'చూద్దాంలే అమ్మా' అనే అని ఉంటారు. మూడేళ్ల తొమ్మిది నెలల పాటు ఆ మాట విన్న మనిషి అడగడం మానేస్తుంది. మీరు దూరంగా ఉండటం ఆవిడ ఎప్పుడో ఒప్పుకున్నారు. ఆవిడని తినేస్తున్నది తేదీ లేకపోవడం. మీ ఉత్తరం మూడుసార్లు చదివాక నాకు గట్టిగా తోచింది ఇదే.

కాబట్టి తిరగడం తప్పా అని మీరు అడక్కుండానే చెబుతున్నాను, తప్పు కాదు. సొంత సంపాదన మీద, ఎవరికీ బాకీ పడకుండా దేశాలు చూస్తున్నారు. దానికి సిగ్గుపడనక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. అయితే ఈసారి లెక్క మీకు రుచించకపోవడానికి కారణం ఆ లెక్కలోనే ఉంది. 365 రోజుల్లో 41 చోట్లంటే చోటుకి తొమ్మిది రోజులు కూడా లేవు. అందులో కంపోట్ ఒక్కటే ఐదు వారాలు తీసేసుకుంది, అంటే మిగతా చోట్ల ఎనిమిదేసి రోజులే. ఎనిమిది రోజుల్లో ఊరు కళ్లబడుతుంది, మనుషులు కళ్లబడరు. మీ ఉత్తరంలో ఇన్ని దేశాలున్నాయి, దారిలో కలిసిన మనిషి మాత్రం ఒక్కరే, కాఫీ బండి ఆవిడ. మీకు ఎంత తీపి సరిపోతుందో ఆవిడకి తెలుసు. అది తెలియడానికి ఎన్ని పొద్దుటిపూటలు పట్టి ఉంటాయో ఆలోచించండి. మీరు అలిసిపోయింది దారి వల్ల కాదేమో, ప్రతి ఊళ్లోనూ కొత్తవాడిగానే మిగిలిపోవడం వల్లేమో.

ఇప్పుడు చేయాల్సిన పని. జనవరి మొదటి వారానికి తెనాలి చేరండి. శుక్లం ఆపరేషన్ పెద్దది కాదు, చాలామందిని సాయంత్రానికే ఇంటికి పంపేస్తారు. కష్టమంతా ఆ తర్వాతే. చుక్కల మందు మొదట్లో రోజుకి చాలాసార్లు వెయ్యాలి, తర్వాత తగ్గించుకుంటూ నెల, నెలన్నర దాకా సాగుతుంది. సరిగ్గా కనబడని కంట్లో ఎవరికి వాళ్లు చుక్క వేసుకుంటే సగం బుగ్గ మీద పడుతుంది. తలకి నీళ్లు పోసుకోకూడదు, కన్ను నలపకూడదు, బరువులెత్తకూడదు, బావి దగ్గరికీ పంపు దగ్గరికీ వెళ్లి వంగకూడదు. ఒంటరిగా ఉన్న మనిషి ఇవన్నీ ఎలా పాటిస్తుంది? ఆవిడ ఏడాదిగా వాయిదా వేస్తున్నది భయంతో కాదని నా ఊహ. చుక్కలు వేసే చెయ్యి కోసం చూస్తున్నారు. 'పిల్లాడొచ్చాక' అని మీ అక్కగారితో ఎప్పుడో అనే ఉంటారు, కావాలంటే అడిగి చూడండి. రెండో కంటికీ శుక్లం ఉంటే, మధ్యలో కొన్ని వారాలు ఎడం ఇచ్చి అదీ చేయించండి. లాప్‌టాప్ ఉంటే మీ పని లువాంగ్ ప్రబాంగ్‌లో ఎంతో తెనాలిలోనూ అంతే.

వచ్చే ఉగాది మార్చి 19న. అప్పటిదాకా ఉండండి. డిసెంబరు 31 లోపు జీవితం తేల్చుకోవాలన్న తొందర ఎందుకు? మన ఏడాది ఫాల్గుణ అమావాస్యతో కదా ముగుస్తుంది. ఉద్యోగమా, ఫ్లాటా, కిర్గిజ్‌స్తానా అన్నది పరాభవ నామ సంవత్సరం మొదలయ్యాక తేల్చుకోండి. ఆలోపు మీరు అమ్మ దగ్గర పదివారాలు ఉండి ఉంటారు, అప్పుడు మీకు తట్టే జవాబుకీ ఇప్పుడు తట్టే జవాబుకీ తేడా ఉంటుంది.

ఒక హెచ్చరిక. మొదటి పది రోజులు ఇద్దరికీ ఇరుకుగా ఉంటుంది. ఐదేళ్లుగా ఒంటరిగా ఉన్నావిడకి తనదైన పద్ధతి ఏర్పడి ఉంటుంది. తను లేచే వేళ, గుడి, పక్కింటావిడతో అరుగు మీద కబుర్లు, రాత్రి సీరియల్. మీరు వెళ్లి అన్నీ సర్దెయ్యకండి. పాత గిన్నెలు పారేసి కొత్తవి కొనకండి. అన్నం కూడా ఆవిడ తినే వేళకే తినండి. ఏ దేశమెళ్లినా అక్కడివాళ్ల పద్ధతికి తలొంచే ఉంటారుగా, సొంతింట్లో ఆ మర్యాద మర్చిపోవడం చాలామందిలో చూశాను. ఇక ఆవిడ 'ఎన్నాళ్లుంటావు' అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు 'చూద్దాం' అనకండి. 'ఉగాది వెళ్లిన మూడో రోజు బయలుదేరతాను, మళ్లీ ఫలానా తేదీకి వస్తాను' అని చెప్పండి. విని మొహం చిన్నబుచ్చుకున్నా సరే, చెప్పండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. మీ అమ్మగారికి ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు. లేకపోతే వెంటనే తీసుకోండి. బీపీ, సుగరు లాంటివి ముందునుంచీ ఉంటే దాచకుండా రాయండి. 2024 నుంచి అలాంటి జబ్బులకు నిరీక్షణ గడువు, అంటే పాలసీ తీసుకున్నాక వాటి ఖర్చు బీమా ఇవ్వని కాలం, మూడేళ్లకు మించకూడదు. ఎంత ఆలస్యం చేస్తే ఆ మూడేళ్లు అంత వెనక్కి పోతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. 70 నిండినవాళ్లకి ఆయుష్మాన్ పథకంలో ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. ఆ వయసు రావడానికి ఆవిడకింకా నాలుగేళ్లు, ఈ సందు మీరే పూడ్చాలి. కంటి ఆపరేషన్‌కి మాత్రం కొత్త పాలసీ మీద ఆశ పెట్టుకోకండి. చాలా పాలసీల్లో శుక్లానికి వేరే గడువుంటుంది, చేతి డబ్బుతోనే చేయించండి. మీ విషయానికొస్తే, ఈపీఎఫ్ పెన్షన్‌కి మొత్తం సర్వీసు పదేళ్లుండాలి. మీది ఎనిమిదేళ్ల మూడు నెలలు. పెన్షన్ భాగం తీసేసుకోకుండా ఉంటే స్కీమ్ సర్టిఫికెట్, అంటే చేసిన సర్వీసు లెక్క చూపే పత్రం, తెచ్చుకోండి, రేపు ఎక్కడైనా ఉద్యోగంలో చేరితే ఈ సర్వీసు దానికి కలుస్తుంది. ఫ్లాటు ఇప్పుడు కొనొద్దు. ఎక్కడుండాలో తెలియని మనిషి ఇరవై ఏళ్ల ఈఎంఐ తలకెత్తుకోకూడదు.

పెళ్లి గురించి అమ్మగారు అడగనప్పుడు మీరూ ఎత్తకండి. ఆవిడని సంతోషపెట్టడానికి మాత్రం చేసుకోకండి.

ఉగాది తర్వాత నిశ్చింతగా వెళ్లండి. సమర్కండ్‌కి ఏప్రిల్ మంచి కాలం. కిర్గిజ్‌స్తాన్ కొండ మీది పచ్చిక మైదానాలు, సోంగ్-కుల్ సరస్సు చుట్టూ ఉన్నవాటి లాంటివి, చూడాలంటే జులై, ఆగస్టు దాకా ఆగాలి. జార్జియాని ఈ ఏడాదికి వదిలెయ్యండి. 2026 మొత్తంలో ఆరేడు చోట్లకి మించకుండా చూసుకోండి. కాఫీ బండి మనిషి మిమ్మల్ని గుర్తుపట్టేదాకా ఊరు మారొద్దు. తాష్కెంట్ టైము మనకంటే అరగంటే వెనక, కాబట్టి వేళ కుదరలేదన్న మాట అక్కడ చెల్లదు. ఇప్పుడు మీరున్న చోటు మనకంటే గంటన్నర ముందు. మీకు రాత్రి ఎనిమిదైతే తెనాలిలో ఆరున్నర, దీపం పెట్టే వేళ. వారంలో రెండు రోజులు ఎంచుకోండి, ఏ రోజులో ముందే ఆవిడకి చెప్పండి. పది నిమిషాలు చాలు, మీరు చూసిన జలపాతం కంటే మీరేం తిన్నారో చెప్పండి.

మీ అక్కగారికి ఈ రోజే ఫోన్ చెయ్యండి, మెసేజి వద్దు. క్షమాపణలతో మొదలుపెట్టకండి, ఆవిడకి వాటితో పని లేదు. 'జనవరి నుంచి ఉగాది దాకా అమ్మ ఆసుపత్రి పనులన్నీ నావి, నువ్వు రావద్దు, ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పు' అనండి. అని, ఆవిడేమన్నా వినండి. బహుశా ఏడుస్తారు, లేదా తిడతారు. రెండింటికీ ఫోను పెట్టెయ్యొద్దు.

తర్వాత టికెట్టు కొనండి. అది చేతిలో పడ్డాకే అమ్మగారికి ఫోన్ చెయ్యండి, ఆలోపు మాట ఇవ్వకండి. 2026 క్యాలెండర్ తెచ్చిపెట్టి, ఇంకా మేకుకి తగిలించకుండా చుట్టే ఉంచి ఉంటారు. విప్పమనండి. జనవరి పేజీలో మీరు వచ్చే తేదీ చెప్పి ఆ గడిలో రాయమనండి, ఆవిడ రాసేదాకా లైన్‌లోనే ఉండండి. పెన్ను వెతకడానికి కాస్త సమయం పడుతుంది.