"రేపు ఖాళీయేనా అబ్బయా?"

ప్రశ్న: మాది కావలి. నాకు 27 ఏళ్ళు. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. సాయంత్రాలు 11 మంది పిల్లలకు నేర్పిస్తాను, తలా నెలకు 700 చొప్పున, ఏడాదిలో పది నెలలు. నిరుడు 74 ప్రోగ్రాములు చేశాను. ఒక్కోదానికి సగటున 2,200 రూపాయలు వచ్చాయి. ఇంట్లో నెలకు 12,500 ఇస్తాను, 3,000 చీటీ కడతాను. చేతిలో 2,60,000 ఉన్నాయి. ఈ రంగంలో పరిచయాలు లేకపోతే ఎదుగుదల లేదని అందరూ అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక కోఆర్డినేటర్ లక్షన్నర కడితే ఏడాదిలోపు ముగ్గురు సంగీత దర్శకుల దగ్గర కూర్చోబెడతానంటున్నాడు. దాంతోపాటు 3 లక్షల కొత్త కీబోర్డు కొనాలని ఉంది. తక్కువ పడేదానికి అమ్మ నగలు బ్యాంకులో పెట్టమంటారా? హైదరాబాద్‌కు మకాం మార్చేయమంటారా? స్నేహితులతో కలిసి షార్ట్ ఫిల్ములకు, యూట్యూబ్ పాటలకు ఉచితంగా కూడా వాయిస్తున్నాను. 74 ప్రోగ్రాములూ ఇద్దరు ఓనర్ల దగ్గరే.

జవాబు: ముందు నగల సంగతి తేల్చేద్దాం. పెట్టకండి. మీరు చెప్పిన రెండూ కలిపితే నాలుగున్నర లక్షలు. చేతిలో ఉన్నదంతా ఊడ్చి పెట్టినా ఇంకా 1,90,000 అప్పు చేయాలి. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నా నెలకు దాదాపు 1,600 వడ్డీకే పోతుంది. అసలు కథ వేరే. ఆషాఢంలో ప్రోగ్రాములు ఉండవు గానీ వడ్డీకి ఆషాఢం లేదు, మూఢం లేదు.

ఇక పరిచయాలు. మీకు చెప్పినవాళ్ళు తప్పు చెప్పలేదు. సంగీతం మీద బతికేవాళ్ళకు పని ప్రకటనల్లో దొరకదు, ఫోన్‌లో దొరుకుతుంది. ముహూర్తానికి ముందు రోజు రాత్రి ఎవరికో జ్వరం వస్తుంది, ట్రూపు ఓనరు ఫోన్‌లో పేర్లు వెతుక్కుంటాడు, "రేపు ఖాళీయేనా అబ్బయా?" అంటాడు. ఆ సమయానికి ఆయనకు మీ పేరు గుర్తుకు రావాలి. లక్షన్నర పెట్టి ఎక్కడో మూడు కుర్చీలు కొనుక్కుంటే ఈ ఫోన్ రాదు.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది నగలో కోఆర్డినేటరో కాదు. చివర్లో మీరు మాటవరసకు రాసిన వాక్యం: "74 ప్రోగ్రాములూ ఇద్దరు ఓనర్ల దగ్గరే." ఒకడు తన డబ్బంతా ఒకే కంపెనీ షేర్లలో పెట్టానంటే నేను కుర్చీలోంచి లేస్తాను. మీరు చేసిందీ అదే. రేపు ఆ ఇద్దరిలో ఒకరు వ్యాపారం మానేసినా, ఆయన బావమరిది కొడుకు కీబోర్డు నేర్చుకున్నా, మీ ప్రోగ్రాముల ఆదాయం సగానికి పడిపోతుంది. అందుకని ఈ ఏడాది ఎన్ని ప్రోగ్రాములు చేశారన్నది పక్కన పెట్టండి. ఎంతమంది పిలిచారన్నది లెక్క పెట్టండి. ఇప్పుడు రెండు. వచ్చే ఉగాదికి అది ఎనిమిది కావాలి. మొత్తం ప్రోగ్రాములు 74 దగ్గరే ఆగిపోయినా నాకు బాధ లేదు.

ఆ ఎనిమిది మంది ఎక్కడుంటారు? మీరు సంగీత దర్శకుల వైపు చూస్తున్నారు. నేను మిక్సర్ దగ్గర కూర్చునే సౌండ్ అబ్బాయి వైపు చూడమంటాను. ఆయన నెలలో నాలుగైదు ట్రూపులతో పనిచేస్తాడు, ఎవరు సరిగ్గా వాయిస్తారో అందరికంటే ఆయనకే బాగా వినపడుతుంది. కల్యాణ మండపం మేనేజరు, వీడియో తీసేవాళ్ళు, డెకరేషన్ వాళ్ళు, యాంకరు, పక్క ట్రూపు తబలా వాద్యకారుడు, వీళ్ళంతా అంతే. పెళ్ళివారు "మంచి మ్యూజిక్ వాళ్ళుంటే చెప్పండి" అని అడిగేది వీళ్ళనే. గాయని వచ్చి శ్రుతి అర మెట్టు తగ్గించమంటే మొహం చిట్లించకుండా తగ్గించి వాయించారా, చెప్పిన టైముకు అరగంట ముందే వైర్లు బిగించుకున్నారా, ఇవే గుర్తుంటాయి.

నెల్లూరు జిల్లాలో ఉండి బాలు గారి మాట రాకుండా ఈ విషయం మాట్లాడలేం. 1964లో మద్రాసులో ఔత్సాహిక గాయకుల పోటీలో ఆయనకు మొదటి బహుమతి వచ్చింది. ఎస్.పి. కోదండపాణి సంగీతంలో సినిమాలో తొలి పాట వచ్చింది 1966లో. ఆ కృతజ్ఞతతోనే తర్వాత తన రికార్డింగ్ స్టూడియోకు గురువు పేరు పెట్టుకున్నారు. ఈ కథ చెప్పేవాళ్ళంతా కోదండపాణి దగ్గర ఆగిపోతారు. లెక్కలు చూసేవాణ్ణి కనుక నాకు ఇంకోటి కనిపిస్తుంది. బాలు గారికి ఒక లైట్ మ్యూజిక్ ట్రూపు ఉండేది. అందులో గిటారు, హార్మోనియం వాయించినవాడు ఇళయరాజా, వెంట ఆయన సోదరులు భాస్కర్, గంగై అమరన్. ఇళయరాజా సంగీత దర్శకుడిగా తొలి సినిమా వచ్చింది 1976లో. అంటే వేదిక మీద పక్కన కూర్చున్నప్పుడు వాళ్ళెవరూ పెద్దవాళ్ళు కారు. పెద్దవాళ్ళయ్యాక వెళ్ళి పరిచయం చేసుకుందామంటే గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

కోఆర్డినేటర్ల మీద నాకు కోపం లేదు. పని తెచ్చిపెట్టి, ఆ పని డబ్బు మీ చేతికొచ్చాక అందులో పదో పరకో శాతం తీసుకునేవాడు మీతోపాటు లాభపడతాడు, మీతోపాటు నష్టపోతాడు. ముందే లక్షన్నర తీసుకున్నవాడికి మీరు వాయించినా, వాయించకపోయినా ఒకటే. ఒకసారి అడిగి చూడండి: "అన్నా, ముందు రూపాయి ఇవ్వను, మీరు తెచ్చే మొదటి పది పనుల్లో 20 శాతం ఇస్తాను, కాగితం రాసుకుందాం." ఒప్పుకుంటే మంచిదే. ఫోన్ ఎత్తడం మానేస్తే మీకు లక్షన్నర మిగిలింది.

ఇప్పుడు లెక్క. ప్రోగ్రాముల మీద 1,62,800. మీరు రాసినట్టు పిల్లల దగ్గర తలా 700 చొప్పున పది నెలలకు 77,000. మొత్తం 2,39,800, నెలకు దాదాపు 20,000. ఇల్లు, చీటీ పోగా నాలుగున్నర వేలు మిగలాలి. కాగితం మీద. నిజానికి వైశాఖంలో చేతినిండా ఉంటుంది, ఆషాఢంలో, భాద్రపదంలో, ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు. ఆపైన గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే ఇంకో నెల పోతుంది. నెల జీతగాడికి చెప్పే సలహా మీకు పనికిరాదు. నెలనెలా ఇంత పక్కన పెట్టండి అంటే పెట్టలేరు. మీరు దాచాల్సింది ప్రోగ్రాము లెక్కన. 2,200 చేతికి రాగానే 300 వేరే ఖాతాలోకి పంపేయండి, ఆ రాత్రే.

ఉన్న 2,60,000లో మొదటి వాటా మూఢానికి. ఆరు నెలల ఇంటి ఖర్చు, చీటీ కలిపితే 93,000, మనం 95,000 అనుకుందాం. దాన్ని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా రెండు మూడు ముక్కలు చేసి వేయండి, అవసరం వస్తే ఒక ముక్క మాత్రమే విరగ్గొట్టుకోవచ్చు. రెండోది, ఇంట్లోనే శుభ్రంగా రికార్డు చేసుకునే సామాను: ఆడియో ఇంటర్‌ఫేస్ (వాయించింది కంప్యూటర్‌లోకి ఎక్కించే పెట్టె), మైకు, హెడ్‌ఫోన్లు. 30,000 దాటనివ్వకండి. 3 లక్షల కీబోర్డు ఈ ఏడాది వద్దు. ఎనిమిది మంది పిలిచే రోజున దాని ధర దానంతట అదే వస్తుంది. అంతదాకా పెద్ద వేదిక ఉంటే అద్దెకు తెచ్చుకోండి.

మూడో వాటా పరిచయాల పద్దు, 30,000. అవును, దానికీ ఒక పద్దు ఉండాలి, కరెంటు బిల్లులాగా. రైలు చార్జీలు, రెండు రాత్రుల లాడ్జి, ఒకరి కచేరీకి టికెట్టు, ఒకరింట్లో శుభకార్యానికి చదివింపు, ఏడాదికోసారి మంచి వీడియో తీయించడం, ఇవన్నీ అందులో రాయండి. ఏడాదిలో ఆ డబ్బు అయిపోతే అయిపోనివ్వండి, ఇది ఖర్చు పెట్టడానికే. కానీ ఆ పుస్తకంలోనే రెండో వైపు, ఎవరి ద్వారా ఏ పని వచ్చిందో రాయండి. ఏడాది తర్వాత ఏ ప్రయాణం గిట్టుబాటయిందో మీకే తెలుస్తుంది. ప్రోగ్రాం అయ్యాక అర్ధరాత్రి దాకా సాగే కూర్చోవడాలు మాత్రం ఈ పద్దులో రాయకండి. అవి ఏ పద్దులోకి వస్తాయో మీకు తెలుసు.

మిగిలింది 1,05,000. అందులోంచి ఏడాదికి పది, పదిహేను వేలు పీపీఎఫ్‌లో, అంటే ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతాలో, వేస్తూ ఉండండి. కనీసం 500 వేసినా ఖాతా బతికే ఉంటుంది, మీలాంటి ఆదాయానికి అది సరిపోతుంది. రాత్రిళ్ళు హైవే మీద వ్యాన్లలో తిరిగే పని మీది. బ్యాంకులో అడిగి ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా రెండూ ఈ వారమే తీసుకోండి. ఒక్కోదానికి 2 లక్షలు. ఇది చాలదు, పెళ్ళయ్యాక టర్మ్ పాలసీ గురించి మళ్ళీ రాయండి. చీటీ మానక్కర్లేదు. కాకపోతే సీజన్‌లో ఉత్సాహపడి పాడేయకండి. మీకు తెలిసిన పాటలన్నిట్లో తొందరపడకూడనిది చీటీ పాటే.

స్నేహితులతో కలిసి షార్ట్ ఫిల్ములకు, యూట్యూబ్ పాటలకు ఉచితంగా వాయిస్తున్నానని రాశారు. వాయించండి, అది మంచి పెట్టుబడి. అయితే ట్యూను మీదైతే ఆ మాట ముందే వాట్సాప్‌లో ఒక ముక్క రాయించుకోండి, పేరు ఎక్కడ వేస్తారో కూడా. 2012లో కాపీరైట్ చట్టం మారాక సినిమాలో వాడిన ట్యూనుకు స్వరకర్తకు రావాల్సిన రాయల్టీ హక్కును ఎవరికో రాసిచ్చేయడం కుదరదు, వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప. ట్యూన్లు కట్టడం పెరిగితే అలాంటి రాయల్టీలు వసూలు చేసి పంచే సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. డబ్బు చిన్నదిగా ఉన్నప్పుడే కాగితం రాసుకోవాలి. నా దగ్గరికి వచ్చిన రెండు మంచి ట్రూపులు విడిపోయింది పాట మీద కాదు, ఒక పాట వైరల్ అయ్యాక ఎవరిదన్న మాట మీద. ఈవెంట్ కంపెనీ ఏదైనా టీడీఎస్ పేరుతో పది శాతం పన్ను ముందే పట్టుకుంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి. మీ ఆదాయానికి పన్ను పడదు, ఆ రిటర్ను రేపు అప్పుకో, వీసాకో పనికొస్తుంది.

మకాం సంగతి. ఒంగోలు పక్క కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారు నాదస్వరం కోసం శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డారు, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన శిష్యులు, మన ప్రకాశం జిల్లా దంపతులు మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఊరు వదలడం తప్పని కళలు ఉంటాయి. మీరు హైదరాబాద్ వెళ్ళే రోజుకు నా దగ్గర ఒకటే కొలబద్ద: అక్కడి నుంచి వచ్చే పిలుపుల డబ్బు వరసగా ఆరు నెలలు అక్కడి గది అద్దెను, తిండి ఖర్చును దాటాలి. అప్పటిదాకా వెళ్ళి రండి.

వెళ్ళేది కూడా ముందు చెన్నైకి వెళ్ళమంటాను. కావలిలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. డిసెంబరు మధ్య నుంచి అక్కడ మార్గళి కచేరీల సీజన్, పగటి పూట కచేరీలు చాలా సభల్లో ఉచితం. వినే చెవులకు, వాయించేవాళ్ళతో, మైకులు బిగించేవాళ్ళతో మాట కలపడానికి అంతకంటే మంచి చోటు లేదు. అదే సమయంలో మనకు ధనుర్మాసం, పెళ్ళిళ్ళు లేవు, మీరు ఎటూ ఖాళీ. ఈ ఆదివారం పంచాంగం తీసి తేదీలు చూసుకోండి, పరిచయాల పద్దులో మొదటి గీత ఆ రైలు టికెట్టుదే పడనివ్వండి. వచ్చాక పుస్తకంలో ఎన్ని పేర్లు చేరాయో రాయండి.