ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళెందుకు?

ప్రశ్న: తొలకరి వానకు మా చేలో ఆరుద్ర పురుగులు కనిపించాయి. ఏడో తరగతి చదివే మా అబ్బాయి ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని లెక్కపెట్టి, ఎనిమిది కాళ్ళున్నాయన్నాడు. కీటకాలకు ఆరు కాళ్ళేనని వాడి పాఠంలో ఉంది. ఏది తప్పు?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: లెక్కా తప్పు కాదు, పాఠమూ తప్పు కాదు, చిక్కంతా ‘పురుగు’ అనే మాటలోనే ఉంది. పల్లెల్లో పాము కరిచినా ‘పురుగు ముట్టింది’ అనే భాష మనది కనుక, పురుగు అన్నదల్లా కీటకం కానక్కరలేదు. ఆరుద్ర పురుగు సాలీడు, తేలు, పిడుదు ఉండే అరాక్నిడా తరగతికి చెందిన జీవి. మిరప రైతులు ‘నల్లి’ అనే మైట్లకు బంధువు, ఇదీ ఒక మైటే. (మంచంలోని నల్లి మాత్రం అసలైన కీటకమే.)

కీటకానికి తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలూ, తలపై ఒక జత మీసాలూ ఉంటాయి. ఆరుద్ర పురుగు శరీరం అలా విడివిడిగా కాక ముఖమల్ గుడ్డ చుట్టిన ఒకే ముద్దలా ఉంటుంది. మీసాలు లేవు, రెక్కలు ఏ దశలోనూ రావు. తాకగానే కాళ్ళన్నీ ముడుచుకుంటుంది కాబట్టి, లెక్కపెట్టాలంటే అది మళ్ళీ నడిచేదాకా ఆగాలి. అప్పుడు ముందు జత కాళ్ళను పైకెత్తి, మీసాల పని వాటితోనే చేయించుకుంటూ, నేలను తడుముతుంది. వాటికన్నా ముందు, నోటి పక్కన కనిపించే పొట్టి జత కాళ్ళు కావు. వాటినీ కలిపితే పది వస్తాయి.

ఈ పొరపాటు పెద్దవాళ్ళకూ తప్పలేదు. 1758లో జీవుల వర్గీకరణకు పేరొందిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ సాలీళ్ళను, తేళ్ళను, చివరికి పీతలను కూడా కీటకాల తరగతిలోనే చేర్చాడు. గట్టి పైపెంకు, కీళ్ళున్న కాళ్ళు, పెరిగేకొద్దీ కుబుసం విడవడం వీటన్నిటికీ సమానమే. అందుకే నేటికీ అన్నిటినీ ఆర్థ్రోపొడా అనే ఒకే వర్గంలో ఉంచుతున్నారు. అయితే ఆ వర్గంలోని చుట్టరికాలు పైకి కనిపించినట్టు ఉండవు: తూనీగకు ఆరుద్ర పురుగుకన్నా రొయ్యే దగ్గరి చుట్టమని జన్యు పరిశీలనలు తేల్చాయి.

మీ అబ్బాయికి మరొక చిక్కు మిగిలే ఉంది. గుడ్డులోంచి వచ్చిన ఆరుద్ర పిల్లకు కాళ్ళు ఆరే. అది ఏదో ఒక కీటకాన్ని పట్టుకుని దాని ఒంట్లోని ద్రవాన్ని పీల్చి బతుకుతుంది. ఆపైన రాలిపడి, మట్టిలో కదలకుండా ఒక దశ గడిపిన తరువాతే నాలుగో జత కాళ్ళు వస్తాయి. ఈసారి మిడత దొరికితే రెక్కల మొదట్లో ఎర్రటి చుక్కలేమైనా అంటుకుని ఉన్నాయేమో చూడమనండి. ఉంటే అవి ఈ కోవకు చెందిన మైట్ల పిల్లలే అయి ఉండవచ్చు. భూతద్దం పెట్టి లెక్కిస్తే వాడి పాఠంలో ఉన్నట్టే ఆరు కాళ్ళు కనిపిస్తాయి.